సైనికుడి కత్తి రోజంతా ఏం కోస్తుంది?

పోయిన డిసెంబరులో సక్లేష్‌పుర దగ్గర ఒక కాఫీ తోటలో క్యాంపు వేశాం. మారతహళ్లి పీజీలో కలిసి ఉండే నలుగురం. రాత్రి చలిమంటకు లావుపాటి కొమ్మ ఒకటి చీల్చాల్సి వచ్చింది. నా దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న పెద్ద కత్తి ఉంది. కొమ్మను నిలబెట్టి, తల మీద కత్తి ఆనించి, ఇంకో కర్రతో కత్తి వీపు మీద కొట్టాను. మూడో దెబ్బకు పిడి నా చేతిలో మిగిలింది, అలుగు కొమ్మలో ఇరుక్కుపోయింది. అది ఎగిరి పక్కన కూర్చున్నవాడి మొహానికి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఫోన్ లైట్ వేసి చూస్తే సంగతి తెలిసింది. పిడి లోపలంతా బోలు. అందులో అగ్గిపుల్లలు, గేలం, దారం దాచుకోవచ్చని అలా చేశారు. అలుగు వెనక భాగం పిడిలోకి బొటనవేలి గోరంత కూడా దిగలేదు. ఒక చిన్న బోల్టు, దాని చుట్టూ కాస్త జిగురు, అంతే. పైన పటారం, లోన లొటారం. పెట్టె మీద మాత్రం ‘మిలిటరీ గ్రేడ్’, ‘కమాండో’, ‘సర్వైవల్’ అన్న మూడు మాటలూ ఉన్నాయి.

ఆ రెండు ముక్కలూ తీసుకెళ్లి మా బాబాయికి చూపించాను. ఆయనది పశ్చిమ గోదావరి, తాడేపల్లిగూడెం పక్కన. ఇంటికొకరు సైన్యంలో ఉంటారని పేరుపడ్డ మిలిటరీ మాధవరం వాళ్ల ఊరికి దగ్గరే. ఆ గాలి సోకే ఆయనా పద్దెనిమిదేళ్లకు మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, చేరారు. హవల్దారుగా రిటైరై, ట్రైనింగ్ పొందిన బెంగళూరులోనే, లింగరాజపురంలో ఇల్లు కట్టుకున్నారు. అలుగును అటూ ఇటూ తిప్పి చూసి, గూట్లోంచి ఆకురాయి తీసి అంచు మీద ఒక్కసారి లాగారు. ఆకురాయి కరకరమంటూ ఇనుమును కొరికేసింది. గట్టి ఉక్కయితే దాని మీద ఆకురాయి జారిపోవాలి.

“ఏరా, ఇది ఏ సైన్యం వాడిందంట?” అన్నారు.

నేనేం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సైనికులు అసలు కత్తితో ఏం చేస్తారు? వాళ్ల పేరు చెప్పి కత్తులు అమ్మేవాళ్లు చెబుతున్నదేమిటి? ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతుందో తెలుసుకుంటూ పోతే, అది నేననుకున్న దానికన్నా చాలా ఎక్కువని తేలింది.

తాడు, డబ్బా, పెట్టె

బాబాయి సర్వీసంతా తన దగ్గర ఉంచుకున్నది ఒక మడత కత్తి. బ్రిటిష్ కాలపు నమూనా. మూడున్నర అంగుళాలుండే ఒక అలుగు, డబ్బా మూత తెరిచే కొక్కెం ఒకటి, వెనక వైపు లావుపాటి ఇనుప ములుకు ఒకటి. ఆ ములుకు దేనికో నాకు తెలియలేదు. తడిసిన తాడు ముడి బిగుసుకుపోతే వేళ్లతో రాదు, కోసేస్తే తాడు పాడవుతుంది. అందుకని ఆ ములుకును ముడిలోకి గుచ్చి వదులు చేస్తారు. “వానాకాలం డేరాలు పీకేటప్పుడు అలుగు కన్నా దీనితోనే పని ఎక్కువ” అన్నారాయన. అలుగుతో ఏం చేసేవాళ్లని అడిగితే వేళ్లు మడిచి చెప్పుకొచ్చారు. ఇసుక నింపే గోనె సంచుల కుట్లు తెంపడం, రేషన్ పెట్టెలు విప్పడం, టెలిఫోన్ తీగ పైతొడుగు ఒలవడం, వెదురు చెక్కడం, ఉల్లిపాయలు తరగడం. ఇన్నేళ్లలో మనిషి మీదకు కత్తి ఎత్తే అవసరం ఆయనకు రాలేదు. కత్తి తెరవని రోజు కూడా దాదాపు లేదు.

ఇది మా బాబాయి ఒక్కరి అనుభవమే కాదు. సైన్యాలు కత్తుల్ని ఎందుకు కొన్నాయో చూస్తే అన్ని చోట్లా ఇదే కనిపిస్తుంది. ప్రపంచమంతా ఎరిగిన స్విస్ ఆర్మీ కత్తి 1891లో పుట్టడానికి కారణాలు రెండు. డబ్బాల్లో వచ్చే తిండి సైనికుడు తనే తెరుచుకోవాలి, కొత్తగా ఇచ్చిన ష్మిట్-రూబిన్ రైఫిల్‌ను స్క్రూడ్రైవర్‌తో విప్పుకోవాలి. అందుకే అందులో అలుగుతో పాటు డబ్బా ఓపెనర్, స్క్రూడ్రైవర్, కన్నాలు పొడిచే ములుకు పెట్టారు. శత్రువు ఊసే లేదు. మొదటి విడత సరుకు జర్మనీలోని జోలింగెన్ పట్నం నుంచి వచ్చింది. ఆ తర్వాత కార్ల్ ఎల్సెనర్ దాన్ని స్విట్జర్లాండ్‌లోనే తయారు చేశాడు. విక్టోరినాక్స్ కంపెనీ ఆయన పెట్టిందే.

ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. మనందరి కళ్ల ముందు మెదిలే ఎర్ర కత్తి, సీసా బిరడా తీసే మెలిక తీగతో ఉండేది, 1897లో వచ్చిన ‘ఆఫీసర్ల కత్తి’ వారసురాలు. దాన్ని స్విస్ సైన్యం జారీ చేయలేదు. కావాల్సిన ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు దాని జర్మన్ పేరు నోరు తిరగక ‘స్విస్ ఆర్మీ నైఫ్’ అన్నారు, ఆ పేరే స్థిరపడింది. మంచి కత్తే, అందులో అనుమానం లేదు. కానీ పేరులో ఆర్మీ ఉన్నంత మాత్రాన ఆ వస్తువును ఆర్మీ ఇచ్చిందని కాదనడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ నాకు దొరకలేదు.

అమెరికా మెరైన్లు 1942లో తీసుకున్న 7 అంగుళాల కత్తి సంగతి చూడండి. ఏ కంపెనీ చేసినా జనం దాన్ని ‘కేబార్’ అనే పిలుస్తారు. దాని అధికారిక వర్ణనలోనే పోరాటం, పనిముట్టు అన్న రెండు మాటలూ ఉన్నాయి. పసిఫిక్ దీవుల్లో అది గుంతలు తవ్వింది, డబ్బాలు తెరిచింది, తీగలు తెంపింది, పొదలు నరికింది. రెండు పనులకూ సరిపోయేలా మందంగా, ఒకవైపే పదునుతో చేశారు కాబట్టే నిలబడింది. ఎనభై ఏళ్లు దాటినా ఇంకా తయారవుతోంది.

అదే సమయంలో బ్రిటన్‌లో పుట్టిన ఫెయిర్‌బెయిర్న్-సైక్స్ కత్తిది వేరే దారి. షాంఘై పోలీసుల్లో పనిచేసిన ఇద్దరు అధికారులు రూపం గీస్తే, విల్కిన్‌సన్ స్వోర్డ్ కంపెనీ 1941లో తయారీ మొదలుపెట్టింది. సన్నటి బాకు, రెండు వైపులా పదును, సూదిలాంటి మొన. కమాండోలు గస్తీవాణ్ణి చప్పుడు లేకుండా చంపడం కోసమే దాన్ని చేశారు. కానీ చేతిలో ఒకే కత్తి ఉన్న మనిషి దానితోనే రేషన్ డబ్బా తెరుస్తాడు, దానితోనే పెట్టె మూత ఎత్తుతాడు. మొనలు విరిగాయి. తర్వాతి నమూనాల్లో అలుగును గట్టిపరచాల్సి వచ్చింది. అచ్చంగా పోరాటానికే చేసిన కత్తిని కూడా సైనికుడి రోజువారీ పని మార్చేసింది. చేసేవాళ్లు ఏమనుకున్నా, వాడేవాడికి డబ్బా తెరవక తప్పదు కదా.

బాబాయిది ఇంజనీర్ల దళం కాబట్టి వాళ్లకు ఇంకో పని ఉంది. దాని గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గుతుంది. మందుపాతరలు వెతకడం. నేల మీద బోర్లా పడుకుని, ప్రాడర్ అనే సన్నటి ఇనుప పుల్లను, అది లేకపోతే బయొనెట్‌ను (రైఫిల్ మొనకు బిగించే కత్తిని), మట్టిలోకి ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల వాలులో మెల్లగా పోనివ్వాలి. నిటారుగా గుచ్చితే మందుపాతర నెత్తి మీద ఉండే పలక నొక్కుకుంటుంది. వాలుగా పోతే పక్క గోడకు తగులుతుంది. ఏదైనా గట్టిగా తగిలిందనిపిస్తే అక్కడే ఆగాలి. మళ్లీ వేలెడు పక్కన. మళ్లీ వేలెడు పక్కన. ఇంటి గచ్చు మీద పడుకుని, పెన్సిల్ పట్టుకుని చేసి చూపించారు. ఊపిరి కూడా లెక్కపెట్టుకుంటున్నట్టుంది ఆయన మొహం. నేను చూసిన ఏ కత్తి ప్రకటనలోనూ ఈ పని లేదు.

ముళ్లకంచె తెంపడం ఇంకో ముఖ్యమైన పని. రష్యా వాళ్ల ఏకేఎం రైఫిల్ బయొనెట్‌లో అలుగుకు ఒక రంధ్రం, ఒరకు ఒక చిన్న దిమ్మె ఉంటాయి. రంధ్రంలో దిమ్మెను దూర్చి తిప్పితే రెండూ కలిసి కత్తెరలా తీగను తెంపుతాయి. అమెరికా 1986లో తీసుకున్న ఎం9 బయొనెట్‌లోనూ ఇదే ఏర్పాటు. అయితే అది ఒక్కో తీగకు పనికొస్తుంది. కంచె మొత్తం ఛేదించాలంటే 1912లో మన బెంగళూరులోనే మద్రాస్ సాపర్స్ (బాబాయి దళానికే ఇంకో పేరు) కెప్టెన్ మెక్‌క్లింటాక్ కనిపెట్టిన బెంగళూరు టార్పెడో, అంటే పేలుడు మందు నింపిన పొడవాటి గొట్టం, కావాలి. ఈ ఊరి పేరు మోసుకుంటూ అది 1944లో నార్మండీ తీరం దాకా వెళ్లింది. ఉల్సూరు చెరువు పక్క నుంచి రోజూ బస్సులో వెళ్తూ, అక్కడి గోడ లోపల ఉన్న ఆ దళం ఇంత చేసిందని నాకు చాలా ఏళ్లు తెలియదు.

ఇక ఇవాళ్టి సైనికుడి జేబులో ఎక్కువగా కనిపించేది పెద్ద కత్తి కాదు, మల్టీటూల్. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, కారు మొరాయించిన ప్రతిసారీ జేబులోని చాకుకు ఒక పట్టకారు కూడా ఉంటే బాగుండుననుకున్నాడు. 1983లో అది మార్కెట్లోకి వచ్చింది. పట్టకారు, తీగ కత్తెర, స్క్రూడ్రైవర్లు, చిన్న అలుగు. సైనికుడి రోజువారీ పనుల చిట్టాతో అది సరిగ్గా సరిపోయింది. తాడు కోయడానికి 3 అంగుళాల అలుగు చాలు, 10 అంగుళాలు అక్కర్లేదు. పారాచూట్ తాడు 250 కిలోల దాకా బరువును ఆపుతుంది కానీ, పదునైన చిన్న చాకు ముందు అది ఒక్క లాగుడు పనే.

మరి చేతుల్తో పోరాటాలు జరగవా?

జరుగుతాయి. వాటిని కాదనడం అబద్ధమవుతుంది. 2004 మేలో ఇరాక్‌లోని అమారా దగ్గర బ్రిటిష్ సైనికులు బయొనెట్లు బిగించి మీదికి ఉరికారు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఒక్క తూటా పేలకుండా మన సైనికులు 20 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ల ముందు నిలబడి నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ రాత్రి వాడింది రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు. ఇంత దగ్గరి పోరాటం ఈ శతాబ్దంలోనూ ఉంటుందని గల్వాన్ చూపించింది. కానీ అలాంటి గంట వచ్చినప్పుడు మనిషిని నిలబెట్టేది పక్కనున్నవాడి మీద నమ్మకం, శరీర దారుఢ్యం, నాయకుడు. వేల రూపాయల కత్తి ఉంటే ఫలితం మారేదన్నట్టు మాట్లాడటం ఆ సైనికులకు చేసే అన్యాయం అని నా గట్టి అభిప్రాయం. అమెరికా సైన్యం 2010లో కొత్త రిక్రూట్ల శిక్షణలోంచి బయొనెట్ డ్రిల్‌నే తీసేసింది. ఆ సమయాన్ని ఇంకా అవసరమైన వాటికి ఇచ్చింది.

గూర్ఖాల ఖుక్రీ విషయం మాత్రం ప్రత్యేకం. అది పోరాడిన చరిత్ర నిజం. అయినా, ఒరలోంచి తీస్తే రక్తం చూడకుండా తిరిగి పెట్టకూడదన్న మాట వట్టి పుకారు. అదే నిజమైతే గూర్ఖా ఇంట్లో పూటకో గాయం కావాలి. వాళ్లు దానితో కట్టెలు కొడతారు, కూరలు తరుగుతారు, దశైన్ పండక్కి మేకను నరుకుతారు. ఒరలో పక్కనే ఇంకో రెండు చిన్నవి ఉంటాయి. కర్దా సన్న పనులకు, మొద్దుగా ఉండే చక్మక్ పెద్దదాని అంచు సరిచేయడానికి, చెకుముకి రాయి కొట్టడానికి. ఒరలోనే సానబెట్టుకునే సామాను పెట్టారంటే, ఆ కత్తి చేసినవాడు రోజూ వాడేవాణ్ణి దృష్టిలో పెట్టుకున్నాడని అర్థం.

పెట్టె మీది మాటలు

ఇప్పుడు అమ్మేవాళ్ల దగ్గరకు వద్దాం. ‘మిలిటరీ గ్రేడ్’ అన్న మాటకు కత్తుల విషయంలో నిర్ణీత అర్థం ఏదీ లేదు. ఫలానా ఉక్కు, ఫలానా గట్టిదనం ఉంటేనే ఆ మాట వాడాలన్న నియమం లేదు. ఎవరైనా అచ్చువేయించుకోవచ్చు. సైన్యం నిజంగా కొన్నప్పుడు కూడా ఏం జరుగుతుందో మన దగ్గర కాంట్రాక్టులు చేసినవాళ్లందరికీ తెలుసు. ఫలానా కొలతలు, ఫలానా గట్టిదనం అని కనీస షరతులు రాస్తారు, వాటికి సరిపోయిన వాళ్లలో ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడికి ఆర్డర్ పోతుంది. కనీస షరతు దాటిందన్నదే దాని అర్థం. ప్రపంచంలో ఇంతకు మించింది లేదని కాదు.

దిగుమతి కత్తుల పెట్టెల మీద ‘నాటో స్టాక్ నంబర్ ఉంది’ అని గర్వంగా రాస్తారు. అది 13 అంకెల సంఖ్య. మొదటి నాలుగు వస్తువు ఏ కోవదో, తర్వాతి రెండు ఏ దేశం కేటాయించిందో, మిగతా ఏడు ఆ వస్తువు గుర్తు. గోదాముల్లో వెతుక్కోవడానికి, మళ్లీ ఆర్డర్ పెట్టడానికి పెట్టుకున్న కేటలాగ్ నంబర్ అది. బోల్టులకూ, చీపుర్లకూ కూడా ఉంటుంది. దాన్నిబట్టి ఆ వస్తువును సైన్యపు సరఫరాలో నమోదు చేశారని తెలుస్తుంది. పరీక్షించి భేష్ అన్నారని తెలియదు. ఇందులో కొత్తవాళ్లు తికమకపడే చోటు ఒకటుంది. ఆ వర్గీకరణలో 1095 అంటే ‘ఇతరత్రా ఆయుధాలు’, బయొనెట్లు అందులోకే వస్తాయి. కత్తులవాళ్లకు 1095 అంటే ఒక రకం ఉక్కు. రెండింటికీ సంబంధం లేదు.

తర్వాతిది దళాల పేర్లు. ‘ఫలానా ప్రత్యేక దళం వాడుతుంది’ అన్న వాక్యంలో మూడు వేర్వేరు సంగతులు దాగి ఉండొచ్చు. సైన్యం కొని అందరికీ ఇచ్చి ఉండొచ్చు. ఒక యూనిట్ తన బడ్జెట్‌లో కొన్ని తెప్పించుకుని ఉండొచ్చు. లేదా ఒక సైనికుడు సెలవులో సొంత డబ్బుతో కొనుక్కుని ఉండొచ్చు. మూడూ నిజాలే, కానీ బరువు ఒకటి కాదు. వీటికి తోడు నాలుగో రకం ఉంది, గౌరవంగా ఇచ్చేది. 2002 నుంచి అమెరికా స్పెషల్ ఫోర్సెస్ కోర్సు పూర్తి చేసినవాళ్లకు యార్‌బరో అనే 7 అంగుళాల కత్తి ఇస్తున్నారు. క్రిస్ రీవ్ కంపెనీ చేసేది, ఒక్కో కత్తి మీద వేరే నంబరు. అదే రూపాన్ని బయటివాళ్లకు ‘గ్రీన్ బెరే’ అన్న పేరుతో అమ్మారు. ఇందులో మోసమేమీ లేదు, కత్తి చాలా బాగా చేసినది. కాకపోతే మన ఇంట్లో గోడకున్న మెడల్‌తో నాన్న ఉల్లిపాయలు తరగడు. ఆ కత్తి అందుకున్నవాళ్లకు అది అలాంటిది. కొనేవాడు మాత్రం అడవిలో రోజూ పరీక్ష నెగ్గిన పనిముట్టు అనుకుని కొంటాడు.

వీడియోలది ఇంకో కథ. 1980లో మొదలైన కోల్డ్ స్టీల్ కంపెనీ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. వేలాడే లావు తాళ్లను ఒక్క వేటుకు తెంపడం, పంది మాంసం ఖండాల్ని నరకడం, కారు తలుపుల్ని పొడవడం. ఇప్పుడు యూట్యూబ్‌లో అందరూ అదే దారి. వాటివల్ల ఒకటి తెలుస్తుంది, ఆ కత్తి ఆ రోజు ఆ దెబ్బలకు విరగలేదని. అది చిన్న విషయం కాదు, నా చేతిలో విరిగాక నాకు దాని విలువ తెలుసు. తెలియనివి కూడా ఉన్నాయి. మూడు నెలల వాన తర్వాత తుప్పు ఎంత పట్టింది? చలికి మొద్దుబారిన చేతుల్లో పిడి జారుతుందా? నదిలో దొరికిన గులకరాయితో మళ్లీ పదును పెట్టుకోగలమా? అవి చూపాలంటే వీడియో మూడు నెలలు తీయాలి, చూసేవాళ్లుండరు.

రూపంలో చేసే ప్రచారం అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే అందులో మాటలుండవు. అలుగు పక్కన పొడవుగా ఉండే గాడిని ‘రక్తపు గాడి’ అంటారు, రక్తం కారిపోవడానికట. అది బరువు తగ్గించడానికి పెట్టినది. ఇనుప దూలం మధ్య భాగాన్ని సన్నగా చేసినా బలం తగ్గనట్టే ఇదీ. వీపు మీద రంపపు పళ్లూ అంతే. అమెరికా విమాన సిబ్బందికి ఇచ్చే 5 అంగుళాల కత్తికి ఆ పళ్లు ఎందుకున్నాయంటే, విమానం కూలితే అల్యూమినియం రేకును కోసుకుని బయటపడటానికి. ఆ పళ్లతో కట్టె కోయాలని చూస్తే పొట్టు ఇరుక్కుని ఆగిపోతుంది. పైగా కత్తిని వీపు మీద కొట్టి కట్టె చీల్చేటప్పుడు అవే పళ్లు కొట్టే కర్రను తినేస్తాయి. నల్ల పూత మామూలు ఉక్కుకు తుప్పు నుంచి రక్షణ, మెరుపు కనబడకుండా తెర. తుప్పు అంతగా పట్టని స్టెయిన్‌లెస్ మీద వేస్తే సగం పని రంగు కోసమే. బోలు పిడి సంగతి చెప్పక్కర్లేదు. 1980లలో ఒక హాలీవుడ్ సినిమా హీరో చేతిలో కనిపించాక ప్రపంచమంతా దానికి నకళ్లు వచ్చాయి. అసలుది ఒక పేరున్న చేతిపనివాడు జాగ్రత్తగా చేసింది. నకళ్లు అలా చేసినవి కావు. నలభై ఏళ్ల తర్వాత అలాంటి నకలు ఒకటి సక్లేష్‌పురలో నా చేతిలో విరిగింది.

కత్తిని ఎలా చూడాలి

పెట్టెను పక్కన పెట్టి కత్తిని చూడటం నేర్చుకుంటే ఇదంతా తేలికవుతుంది. మొదట చూడాల్సింది అలుగు ఇనుము పిడిలో ఎంత దూరం వెళ్లిందో. చివరి దాకా, పిడి వెడల్పంతా ఉంటే మంచిది. సన్నగా వెళ్లినా చివర బలంగా బిగిస్తే పనిచేస్తుంది, కేబార్‌ది ఆ పద్ధతే. సగంలో ఆగితే బరువు పనికి వద్దు.

రెండోది ఉక్కు. 1095 అన్న అంకెలో చివరి 95 అంటే సుమారు 0.95 శాతం కార్బన్. కార్బన్ పెరిగితే గట్టిదనం, పదును నిలవడం పెరుగుతాయి. గట్టిదనం మరీ పెరిగితే పెళుసుతనం వస్తుంది, పింగాణీలా చిట్లుతుంది. కూరగాయల కత్తి గట్టిగా ఉండొచ్చు, దాన్నెవరూ కట్టె మీద కొట్టరు. దెబ్బ తినాల్సిన కత్తి కాస్త మెత్తగా ఉండాలి, వంగాలి కానీ విరగకూడదు. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఎక్కువ, తుప్పు అంత త్వరగా రాదు, కానీ చాలా రకాలు దెబ్బకు అంతగా ఓర్చుకోవు. అన్నీ ఒకే కత్తిలో దొరుకుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఉక్కు పేరు కన్నా దాన్ని కాల్చి చల్లార్చిన తీరు ముఖ్యం. నేపాల్‌లో ఖుక్రీ చేసే కామీలు చాలాసార్లు పాత లారీల కమాన్ పట్టీలే వాడతారు. అలుగును ఎర్రగా కాల్చి, కెటిల్ ముక్కు లోంచి నీళ్లను సన్నగా అంచు వెంబడి మాత్రమే పోసుకుంటూ వెళ్తారు. అంచు వెంటనే చల్లారి గట్టిపడుతుంది, వీపు మెల్లగా చల్లారి మెత్తగా మిగులుతుంది. కోసేది గట్టిది, దెబ్బ కాచేది మెత్తది, రెండూ ఒకే ఇనుప ముక్కలో. కొలత పరికరం లేకుండా రంగు చూసి చేసే పని అది. మన ఊళ్లలో కమ్మరులు కొడవళ్లు, మచ్చుకత్తులు చేసేదీ ఆ కమాన్ పట్టీలతోనే.

కొనేముందు చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల కోవలోకి వస్తాయి. ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి మినహాయింపు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. వంటింటి కత్తిని, కొబ్బరి కొట్టే కత్తిని ఎందుకు చేశారో చూస్తేనే తెలుస్తుంది. ‘కంబాట్’ అని అచ్చువేసిన కత్తి పోలీసు చేతిలో పడ్డప్పుడు అది వంటకేనని చెప్పుకోవడం మీకే కష్టం. విమానం క్యాబిన్‌లో చిన్నదైనా రానివ్వరు. ట్రెక్‌కు తీసుకెళ్తే బ్యాగు అడుగున, ఒరలో, గుడ్డ చుట్టి పెట్టండి.

సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు బాబాయి నన్ను మా ఊరి కమ్మరి దగ్గరకు తీసుకెళ్లారు. కొలిమి పక్కన లారీ కమాన్ పట్టీలు నాలుగైదు గోడకు ఆనించి ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో మందం. నేను ఒక మంచి కత్తి కావాలన్నాను. ఆయన తిత్తి ఆపకుండానే నా వైపు చూసి అడిగాడు:

“దేనికి బాబూ? కొబ్బరికాయకా, కట్టెలకా, కోడికా?”

కట్టెలకే అన్నాను. ఆయన లేచి, పట్టీల్ని ఒక్కోటి వేలితో కొలిచి చూసి, అన్నిటికన్నా మందమైనదాన్ని తీసి నిప్పుల్లో పెట్టాడు.